ఎనభై మూడో చరణం

గైల్ సోఫుస్ మొదటి గెలుపు ఇరవై మూడో ఏట. ఓలావ్‌సోకా పండగనాడు, హావ్న్ పట్నంలోని పెద్ద హాల్లో ఆరువందలమంది చేతులు కలిపి వలయం తిరుగుతుంటే, మా హెల్లునెస్ ఊరి తొమ్మిది తెడ్ల పాట ఎత్తుకుని, మాట జారకుండా, అడుగు తప్పకుండా నడిపాడు. ఆ గెలుపు ఊరికే రాలేదు. అంతకు ముందు మూడేళ్లు వరసగా భంగపడ్డాడు. మొదటి ఏడు పన్నెండో చరణం దగ్గర గొంతు పట్టేసింది. రెండో ఏడు ముప్పయ్యో చరణం నలభయ్యోదాని తర్వాత పాడితే నడిసముద్రంలో ఉన్న పడవ మళ్లీ రేవులో తేలింది, హాలంతా పగలబడి నవ్వింది. మూడో ఏడు అసలు వలయం మధ్యకే పోనివ్వలేదు. నాలుగో ఏడు పోనిచ్చారు. ఆ సాయంత్రం తర్వాత హెల్లునెస్ అనే ఊరొకటి ఉందని దీవులన్నిటికీ తెలిసింది.

మా ఆటలో వాద్యం ఉండదు. చెక్కనేల మీద కాళ్ల చప్పుడే తాళం. ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి. పాట ఎత్తుకునేవాడు చరణం అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు. వాడు ఆగితే పాట ఆగుతుంది కానీ కాళ్లు ఆగకూడదు. వాడికి మళ్లీ మాట దొరికేదాకా అందరూ నోరు మూసుకుని తొక్కుతూనే ఉంటారు. ఇంకొకడు మధ్యలో దూరి అందుకోవడం మర్యాద కాదు.

సోఫుస్ గెలుపులు అంతటితో ఆగలేదు. గ్రీన్‌లాండ్ నీళ్లలో పదిహేడు ఏళ్లు కాడ్ చేప పట్టాడు. మంచుగాలిలో డెక్కు మీదనుంచి జారిపోతున్న ఇద్దర్ని కొక్కెం కర్రతో వెనక్కి లాగాడు. మా రేవుకి పడవలు లాగే సిమెంటు వాలు పోయించింది అతనే. పొట్టేళ్ల పోటీలో మూడుసార్లు మొదటి బహుమతి. చదువంటారా, పంతులు రెండు వారాలు మా ఊళ్లో, రెండు వారాలు కొండవతల ఊళ్లో చెప్పిన బడిలో ఆరు చలికాలాలు, అంతే. అయినా పెద్ద చదువులవాళ్లు వచ్చి అతని వంటింటి బల్ల దగ్గర కూచుని పుస్తకాల్లో రాసుకుపోయారు. గోడకి అద్దాలు కట్టించిన మెప్పుకాగితాలు నాలుగున్నాయి. ఇంటికెవరొచ్చినా, వాళ్ల కప్పులో కాఫీ చల్లారేలోపు, ఇవన్నీ సోఫుస్ నోటినుంచే వినేవారు.

అతను చెప్పనిది ఒకటుంది. తొమ్మిది తెడ్ల పాటకి నూట అరవై నాలుగు చరణాలు. అందులో సోఫుస్‌వి ఎనభై రెండే.

మిగతా ఎనభై రెండూ హైనివి. హైని మా ఊళ్లోనే పుట్టి, పెళ్లయ్యాక పెళ్లాం ఊరు లిత్లోయ్ దీవికి పోయినవాడు. ఇద్దరూ ఒకే ముసలాయన దగ్గర నేర్చుకున్నారు. ఆయన పాటను రొట్టె తుంచినట్టు సగానికి తుంచి చెరొకరికీ పెట్టాడు. వలయంలో సోఫుస్ కుడిచేయి ఎప్పుడూ హైని ఎడమచేతిలో ఉండేది. ఎనభై రెండు పూర్తికాగానే సోఫుస్ ఆ చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కేవాడు. అంతే, ఎనభై మూడు హైని గొంతులో లేచేది. ఆ కిక్కిరిసిన హాల్లో ఎవరి నోట మొదలైందో ఎవరికి కావాలి? ఊరివాళ్లకి తెలుసు. దేశానికి తెలియదు. రేడియోవాళ్లు వచ్చి "మొత్తం పాట మీకొక్కరికే వచ్చట కదా?" అనడిగిననాడు సోఫుస్ గొంతు సవరించుకుని "వచ్చు" అన్నాడు. ఆ అబద్ధానికి నలభై ఏళ్లు.

అచ్చయిన పాటల పుస్తకంలో లేదా అంటే, ఉంది. కానీ అది ఉత్తరాన వేరే దీవిలో రాసుకున్నది. అందులో పడవ మునిగినా తెడ్లు వేసే తొమ్మిదిమందీ తడిసిన బట్టలతో ఒడ్డు చేరి సూప్ తాగుతారు. మా పాటలో చేరరు. ఒక్కొక్కడి పేరూ, ఒక్కొక్కడు మునిగిన చోటూ, ఇంటి దగ్గర ఎవరు ఏ పని చేస్తూండగా ఆ కబురు అందిందో, అంతా హైని సగంలోనే ఉంది.

ఫిబ్రవరిలో, ఉపవాసాల ముందు ఆటలకి, సోఫుస్ హైనికి ఫోన్ చేశాడు.

"ఏరా, వస్తున్నావా లేదా?"

"గాలి చూస్తున్నా. మోకాలు కూడా సలుపుతోంది."

"ముసలాడివైపోయావురా. రాకపోతే మానెయ్. మొత్తం నేనే పాడేస్తా."

హైని పడీపడీ నవ్వాడు. "పాడు, పాడు! ఎనభై రెండు దగ్గర నీ నోట్లో గుడ్డ కుక్కినట్టవుతుంది. ఆ ముచ్చట చూడ్డానికైనా రావాలి."

ఆ మధ్యాహ్నం హైని ఎక్కిన పడవ లిత్లోయ్‌కీ మాకూ మధ్య మునిగిపోయింది. ఇరవై ఏడుగురు పోయారు. పదహారు శవాలు దొరికాయి, హైనిది దొరకలేదు.

యాభై వేలమంది ఉన్న దేశం మాది. ఇరవై ఏడుగురంటే ఎవరికీ దూరంవాళ్లు కారు. మొదటి వారం ఎవరూ మాట్లాడలేదు. అది బాగానే ఉంది. ఇళ్ల గుమ్మాల్లో చేపకూర గిన్నెలు పెట్టి, తలుపు తట్టకుండా వెళ్లిపోయేవారు. మా జనానికి చేతనైన పరామర్శ అదే.

రోత రెండో వారంనుంచి మొదలైంది.

కొట్టులో గడ్డకట్టిన చేపల పెట్టెల మీద స్పీకరు పెట్టి చర్చి ఆర్గన్ మోగించారు. ఉప్పు ప్యాకెట్టు అందుకుంటుంటే ఎవరో చచ్చిన సంగతి గుర్తు చెయ్యాలట. రొట్టెల దుకాణం నల్ల పంచదార రిబ్బను చుట్టిన కేకు పెట్టింది. పెట్రోలు బంకులో ఇరవై ఏడు చుక్కలున్న కాఫీ కప్పులు. బ్యాంకు పిల్లలకి మెరిసే చొక్కాలు పంచింది, వీపు మీద ఒక కెరటం బొమ్మ. కెరటం! సోఫుస్ ఆ చొక్కా తొడుక్కున్న పిల్లల్ని చూసి రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. టీవీలో ఒకాయన రోజూ వచ్చి "ఈ విషాదం మనల్ని మరింత మంచివాళ్లను చేసింది" అనేవాడు. సోఫుస్ టీవీ కేసి చెప్పు ఎత్తేవాడు. పడవ తలుపు ఎందుకు తెరుచుకుందో విచారణ సంఘం ఇంకా తేల్చలేదు. సంతాపసభలో బల్లల మీద ఏ రంగు గుడ్డ పరవాలో మాత్రం పదిరోజుల్లో తేల్చేశారు.

మా ఊరి సంఘం కూడా తక్కువ తినలేదు. ఆటశాల తలుపుకి తాళం వేసి "సంతాప సూచకంగా ఈ ఏడాది ఆట లేదు" అని కాగితం అంటించింది. ఆట ఆడబోయి చచ్చినవాడికి ఆట ఆపి సంతాపమట.

ఏప్రిల్లో గొర్రెలు ఈనాయి. వాటికి దేశం గొడవ పట్టదు కాబట్టి సోఫుస్‌కి వాటి దగ్గరే ఊపిరాడేది. కానీ అక్కడా ఒంటరిగా ఉన్నప్పుడు ఎనభై మూడోది వెతుక్కునేవాడు. నలభై ఏళ్లు వెనకనుంచి పాడినదే కదా, ఎక్కడికి పోతుంది అనుకునేవాడు. మొదటి మాట దొరికేది కాదు. ఆ మొదటి మాట ఎప్పుడూ హైనిది. దాన్ని అందుకుంటే మిగతాది నోటికొచ్చేది, అందకపోతే ఖాళీ. ఈనిన గొర్రెను వదిలేసి గట్టు మీద కూలబడి "ఛీ, ఎంత బతుకు బతికావురా సోఫుస్" అనుకునేవాడు.

లిత్లోయ్‌లో హైని పెళ్లాం బిరీతా ఉంది. ఆ పాట ఆమెకి మొత్తం వచ్చు. హైని పాలు పిండుతూ తప్పు పాడితే వంటింట్లోంచి సరిదిద్దేది ఆమే. ఆ సంగతి సోఫుస్‌కి బాగా తెలుసు. సంతాప ప్రార్థననాడు చర్చిలో ఆమెకు వెనక మూడో బల్లలో కూచుని, ఆమె తిరిగి చూసేలోపే బయటికి వచ్చేశాడు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాడు? ఫోన్ చేసి హేళన చేసి రప్పించింది తను. ఇప్పుడు వెళ్లి నీ మొగుడి పాట నాకివ్వు అనాలా?

జూన్లో హావ్న్ నుంచి రాన్వా వచ్చింది. సంస్కృతి శాఖలో పనిచేసే పిల్ల, ముప్పయి నిండి ఉండవు. మంచిదే. అదే చిక్కు. సోఫుస్ భార్య ఎల్స్‌పా ఎండబెట్టిన మాంసం కోసి, రొట్టె మీద పరిచి పెట్టింది.

"సోఫుస్ గారూ, ఈసారి ఓలావ్‌సోకా మామూలు పండగ కాదు. దేశమంతా ఒకే వలయం. టీవీలో నేరుగా వస్తుంది. మీ పాటే కావాలి."

"పూర్తిగానా?"

"మూడు నిమిషాలు."

సోఫుస్ నములుతున్న ముక్క ఆపాడు. "మూడు నిమిషాల్లో పడవ రేవు కూడా దాటదమ్మాయ్."

"అందుకే చివరి భాగం అనుకున్నాం. పేర్లు చదువుతూ మునిగిపోయే ఆ చరణాలున్నాయి చూడండి... మీకు తప్ప ఎవరికీ రావుట కదా!"

ఎల్స్‌పా కత్తి కింద పెట్టి మొగుడి వంక చూసింది. సోఫుస్ కిటికీలోంచి పొట్టేళ్లను చూశాడు.

"ఇంకో సంగతి," అంది రాన్వా. "వలయంలో ఇరవై ఏడు చోట్ల చేతులు వదిలేసి ఖాళీ ఉంచుతాం. ప్రతి ఖాళీలో ఒక కొవ్వొత్తి."

"చేతులు వదిలేసా?" సోఫుస్ నోరు తెరిచాడు. "వలయంలో ఒకడు చెయ్యి వదిలితే పక్కవాడు దాన్ని పట్టుకుంటాడమ్మా. ఖాళీ ఉంచరు. ఖాళీ ఉంటే అది వలయం కాదు, కొవ్వొత్తుల కొట్టు ముందు వరస."

రాన్వా కళ్లు చెమ్మగిల్లాయి. "మీ బాధ నాకు అర్థమైంది," అంది. సోఫుస్ తన రొట్టె పళ్లెం పక్కకి నెట్టేశాడు.

అయినా వస్తానన్నాడు. నాలుగు మెప్పుకాగితాలున్నవాడు రాదని ఎలా చెబుతాడు?

ఆమె కారు మలుపు తిరిగాక ఎల్స్‌పా అంది: "ఏమయ్యా, చివరి భాగమట. ఎవరు పాడతారు, మన పొట్టేలా?"

"మొదటినుంచీ ఎత్తుకుంటే ఆ ఊపులో వచ్చేస్తుందే."

"వస్తుంది, వస్తుంది. లిత్లోయ్‌నుంచి ఈదుకుంటూ వస్తుంది."

ఓలావ్‌సోకా ఇరవై తొమ్మిదిన కాబట్టి జులై ఇరవై మూడున హావ్న్‌లో రిహార్సల్ పెట్టారు. వందమంది ఉన్నారు. సగంమందికి అడుగు తెలుసు, సగంమందికి కెమెరా ఎక్కడుందో తెలుసు. సోఫుస్ కుడిచేయి రాన్వా పట్టుకుంది. ఊపు కోసం డెబ్భయ్యో చరణం నుంచి మొదలుపెడతానన్నాడు. ఒప్పుకున్నారు.

డెబ్భై పాడాడు. గొంతు ఇంకా ఉక్కే. చెక్కనేల మోగింది. డెబ్భై ఐదుకి కెమెరాల సంగతి మర్చిపోయాడు. ఎనభైకి గాలి లేచింది, ఎనభై ఒకటికి తెడ్డు విరిగింది, ఎనభై రెండు చివర కెరటం పడవ అంచు దాకా వచ్చి నిలబడింది. సోఫుస్ కళ్లు మూసుకుని, నలభై ఏళ్ల అలవాటు చొప్పున, కుడిచేతిలో ఉన్న చేతిని గట్టిగా నొక్కాడు.

ఎవరూ పాడలేదు.

కాళ్లు మాత్రం ఆగలేదు. ఎడమకు రెండు, కుడికి ఒకటి. మర్యాద తెలిసిన జనం, నోరు మూసుకుని తొక్కుతున్నారు. సోఫుస్ మళ్లీ నొక్కాడు. ఆ చెయ్యి చిన్నది, మెత్తనిది, తడిగా ఉంది. అది కూడా తిరిగి నొక్కింది, ఓదార్పుగా. కళ్లు తెరిచి చూస్తే రాన్వా బొటబొటా ఏడుస్తోంది. ఆమెను చూసి పక్కవాడు, వాణ్ని చూసి ఆ పక్కవాడు. సోఫుస్ నోరు తెరుచుకునే ఉంది. అందులో ఏమీ లేదు. నిజంగానే గుడ్డ కుక్కినట్టుంది.

చివరికి కాళ్లు వాటంతటవే అలిసి ఆగాయి. అప్పుడు టీవీ వాడొకడు పరిగెత్తుకొచ్చాడు.

"అద్భుతం సార్! ఆ మౌనం! ఉత్త అడుగుల చప్పుడు! ఒళ్లు జలదరించింది. ఇరవై తొమ్మిదిన కూడా సరిగ్గా అక్కడే ఆపండి. ఆ తర్వాతది అక్కర్లేదు."

"నేను ఆపలేదు," అన్నాడు సోఫుస్.

"అదే, అదే! ఆగిపోయింది!"

"ఒరే నాయనా, నాకు రాదు. ఎనభై మూడు నాకు రాదు."

"అలాంటి రోజున ఎవరికి మాత్రం వస్తుంది సార్," అని వాడు సోఫుస్ భుజం నిమిరాడు.

రాన్వా ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. "ఒకవేళ ఆరోజు మీరు పాడగలిగితే పాడండి. లేకపోతే పుస్తకంలోది చదివిద్దాం. అదింకా బాగుంది, ఆశగా ముగుస్తుంది. తొమ్మిదిమందీ ఒడ్డుకి చేరతారు."

పదకొండు ఇళ్లలో ఇంకా శవం కోసం కిటికీలు చూస్తున్నారు. వాళ్లని ముందు వరసలో కూచోబెట్టి తొమ్మిదిమందీ ఒడ్డు చేరారని చదువుతారట. సోఫుస్ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. బస్సులో దారి పొడుగునా అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నాడు. వాళ్లమీద రోత సరే, అది నెలలుగా ఉన్నదే. ఇది వేరే. తన నోటి ఖాళీని దేశమంతా దుఃఖమని మెచ్చుకుంటోంది, ఐదో మెప్పుకాగితం కూడా వస్తుంది. అద్దం కట్టించి గోడకి తగిలించాలి! దొంగసొమ్ము కూడా ఇంత కంపు కొట్టదు.

ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా ఫోన్ దగ్గర నిలబడ్డాడు.

"ఎవరికయ్యా?" అంది ఎల్స్‌పా.

"లిత్లోయ్‌కి."

ఆమె పొయ్యి మీద గిన్నె దించి వంటింటి తలుపు దగ్గరికి వేసింది. అయినా వింది, చెప్పకుండా ఎలా ఉంటుంది, మాకందరికీ తర్వాత ఆమే చెప్పింది.

"బిరీతా, నేను సోఫుస్‌ని."

"తెలుస్తోంది. బతికే ఉన్నావా? ఐదు నెలలైంది. నువ్వూ ఆ పడవలోనే పోయావేమో, లెక్కలో మర్చిపోయారేమో అనుకున్నా."

"ఆరోజు ఫోన్ చేసింది నేను. రాకపోతే మొత్తం నేనే పాడేస్తానన్నాను. అందుకే బయల్దేరాడు."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. తర్వాత బిరీతా ఎప్పటి గొంతుతోనే అంది: "నీకోసం వెళ్లాడనుకుంటున్నావా? అంత గొప్పవాణ్ననుకోకు. ఆ ఫోన్ మోగేసరికి బూట్లు తొడుక్కుని కూచున్నాడు. గాలి చూస్తున్నానని నిన్ను ఉడికించాడు, అంతే. పాట కోసం వెళ్లాడు. పాట ఒకటుందని, అది నీకన్నా పెద్దదని నీకెప్పుడూ తట్టదు."

ఆ తిట్టు సోఫుస్‌కి ఫిబ్రవరి తర్వాత తిన్న మొదటి వేడి అన్నంలా దిగింది.

"నాకు సగమే వచ్చు బిరీతా."

"ఆ సంగతి మా గొర్రెలకి కూడా తెలుసు."

"నేర్పుతావా?"

"రోజుకి నాలుగు. నాలుగూ తప్పులేకుండా అప్పగించేదాకా కాఫీ లేదు. కిందటేడు హైని వదిలేసిన వాలు మీద గడ్డి నిలబడి ఉంది, కొయ్యాలి. కొడవలి నీదే తెచ్చుకో. ఆయనది నీకివ్వను."

"ఎనభై రెండు... ఇరవై రోజులు, ఇంకో పూట."

"ఇరవై ఒకటి. నీ బుర్రకి వాన రోజులు కూడా పనికొస్తాయిలే."

మర్నాడు రాన్వాకి ఫోన్ చేశాడు. రానన్నాడు. ఆమె పోస్టర్లు అచ్చయ్యాయంది. ఫిల్ములో మౌనం కత్తిరిస్తే సరిగ్గా పదకొండు సెకన్లకి కుదిరిందంది. "అది మౌనం కాదమ్మాయ్, నాకు పాట రాకపోవడం," అన్నాడు. "మీ వినయం..." అంది. "నాకు వినయమా? మా ఊళ్లో ఎవర్నైనా అడుగు!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు. పాపం, జీవితంలో మొదటిసారి నిజం చెబితే నమ్మేవాళ్లు లేకపోయారు.

వాళ్ల సభ ఆగలేదులెండి. ఇరవై తొమ్మిదిన రిహార్సల్ నాటి ఫిల్మే వేశారు. తెర నిండా సోఫుస్ తెరిచిన నోరు. పుస్తకంలోది ఎవరో నటుడు చదివాడు, తొమ్మిదిమందీ ఒడ్డు చేరారు. ముందు వరసలో ఒక ముసలామె లేచి బయటికి వెళ్లిపోయిందని, కెమెరా అటు తిరగలేదని విన్నాం.

అప్పటికి సోఫుస్ లిత్లోయ్‌లో రెండో రోజు గడ్డి కోస్తున్నాడు. ఇరవై ఏడో తేదీ పొద్దున్నే బయల్దేరాడు. వారానికి రెండుసార్లు తిరిగే టపా పడవ. ఎల్స్‌పా గోనెగుడ్డలో చుట్టిన కొడవలి, ఉన్ని బనీన్లు రెండు, ఎండుమాంసం ఒక తొడ ఇచ్చింది.

"అక్కడ గొప్పలు చెప్పకు," అంది. "ఆవిడ కాఫీ నిజంగానే ఇవ్వదు."

"పొట్టేళ్ల బహుమతి గురించి కూడానా?"

"దాని గురించి అసలే చెప్పకు. మూడోసారి హైని పొట్టేలుకి జబ్బు చేసింది కాబట్టి నీకొచ్చింది."

రేవుకి వెళ్లే దారిలో ఆటశాల దగ్గర సోఫుస్ ఆగాడు. తాళం అలాగే ఉంది, సంఘంవాళ్ల కాగితం అలాగే ఉంది. జేబులోంచి ఇంకో కాగితం తీసి దాని కింద మేకు కొట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలు, పంతులు మా ఊళ్లో ఉన్న రెండు వారాల్లో నేర్చుకున్నవి. నలభై ఏళ్లు రేడియో విన్నవాళ్లంతా ఆగి చదివారు. సంఘం పెద్ద రెండుసార్లు చదివి, చింపబోయి, చింపకుండా వెళ్లాడు. ఆ సాయంత్రానికి తాళంచెవి ఎవరింట్లో ఉందో జనం ఒకరినొకరు అడగడం మొదలైంది.

కాగితం మీద ఇలా ఉంది:

"తొమ్మిది తెడ్ల పాట నాకు సగమే వచ్చు. మొత్తం వచ్చునని రేడియోలో అబద్ధం చెప్పాను. రెండో సగం హైనిది. అది బిరీతా దగ్గర నేర్చుకోడానికి వెళ్తున్నాను. వచ్చిన సాయంత్రమే ఇక్కడ నూట అరవై నాలుగూ పాడతాను, వలయంలో ఖాళీలు ఉంచవద్దు. తాళం తీసి ఉంచండి. ఆగస్టు పదిహేడో తేదీ పడవకి వస్తాను."